ఎక్కని పాఠాల చీటీలు

విదేశీ భాషల బోధనా పరిశోధన సంస్థ. ఈ పేరు ఒక్క గుక్కలో పలకాలంటే మధ్యలో ఊపిరి తీసుకోవాలి. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నది ఇలాంటి వాటిని చూసే పుట్టి ఉంటుంది. మూడంతస్తుల ఆ భవనంలో పై రెండు అంతస్తుల్లోనూ పరిశోధన జరుగుతుంది. ఏం పరిశోధన అని అడిగితే అక్కడివాళ్ళు గంటసేపు చెబుతారు, చివరికి కాఫీ ఇచ్చి పంపిస్తారు. కాఫీ బాగానే ఉంటుంది.

కింది అంతస్తులో, మెట్ల వెనక, వాన పడితే గోడలు చెమర్చే గదిలో బోధనకి పనికొచ్చే సామాను ఉంటుంది. బొమ్మల కార్డులు, గోడ పటాలు, పాత టేపులు, మైనపు పళ్ళు, చెక్క గడియారాలు, అట్టతో చేసిన దుకాణం, ఒక ప్లాస్టిక్ టెలిఫోను. బడుల్లో విదేశీ భాషలు చెప్పే టీచర్లు వచ్చి వీటిని అరువు తీసుకెళ్ళి, వాడుకుని, తిరిగి తెచ్చిస్తారు. ఇరవై ఆరేళ్ళుగా ఆ గదిని చూసుకుంటున్న ఆవిడని ఎదురుగా అందరూ అక్క అంటారు, వెనక చీటీలమ్మ అంటారు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరిన ఏడాదే ఆవిడ ఒక రూలు పెట్టింది. తీసుకెళ్ళిన వస్తువు తిరిగిచ్చేటప్పుడు టీచరు ఒక చీటీ రాసివ్వాలి. చీటీ మీద రెండే ప్రశ్నలు. ఏది ఎక్కలేదు? ఎందుకు? పాఠం బాగా జరిగిందని రాస్తే ఆవిడ ఆ చీటీని అక్కడే చించి ఎదుటివాళ్ళ చేతిలో పెట్టేది. "బాగా జరిగిందని రాయడానికి పైన బోలెడుమంది ఉన్నారు. పిల్లల బుర్రకి ఏది ఎక్కలేదో అది రాయండి," అనేది. చీటీ రాయకపోతే తరవాతి సామాను లేదు. టీచర్లు తిట్టుకుంటూనే రాసేవారు.

ఆ చీటీలు చదివితే భాష నేర్పడమంటే ఏమిటో తెలుస్తుంది. ఒకాయన రాశాడు: "మూడో టేపులో మాట్లాడే పెద్దమనిషికి జలుబు చేసి ఉంది. మా క్లాసు మొత్తం ఆ భాషని ముక్కుతో మాట్లాడటం నేర్చుకుంది. మాన్పించడానికి ఒక టర్ము పట్టింది." ఇంకొకావిడ: "గడియారం పాఠం చెప్పబోతే పిల్లలకి అసలు ముళ్ళ గడియారం చూడటమే రాదని తేలింది. మన భాషలో టైము చెప్పడం నేర్పేసరికి బెల్లు కొట్టారు." ఏడో పాఠంలో దుకాణం బొమ్మ గురించి అయితే లెక్కలేనన్ని చీటీలు. అందులో అమ్మేవాడూ కొనేవాడూ ఒకే రంగు చొక్కాలు తొడుక్కుని, బల్లకి ఒకే పక్కన నిలబడి ఉంటారు. ఎవరు ధర అడుగుతున్నారో, ఎవరు చెబుతున్నారో తేల్చుకోలేక పిల్లలు అన్ని ప్రశ్నలకీ అడ్డదిడ్డంగా జవాబులు చెప్పేవారు.

ప్రతి చీటీనీ చీటీలమ్మ చదివేది. పాఠం వారీగా కట్టలు కట్టి, నాలుగు ఇనప బీరువాల్లో పెట్టి, తాళం వేసి, తాళంచెవులు నడుముకున్న సంచిలో వేసుకునేది. వాటిని ఎవరికీ చూపించేది కాదు. అడిగినవాళ్ళూ లేరు.

ఆవిడ ఎందుకిలా చేసేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. చీటీలమ్మ టీచరు కావాలనే చదివింది. రెండేళ్ళు కష్టపడి ఒక విదేశీ భాష నేర్చుకుంది. పరీక్షగా ఒక పాఠం చెప్పమని క్లాసులో నిలబెడితే, నలభై మంది పిల్లలని చూడగానే గొంతు పెగల్లేదు. సుద్దముక్క పట్టుకుని పది నిమిషాలు అలాగే నిలబడి కిందికి దిగింది. ఎవరో జాలిపడి సామాను గదిలో ఉద్యోగం ఇప్పించారు. అందుకే, వేరే టీచర్లు తమ క్లాసులు ఎలా చెడిపోయాయో రాసిచ్చిన చీటీలు చదువుతుంటే ఆవిడకి ఎక్కడో చల్లగా ఉండేది. పనికోసమే దాస్తున్నానని తనకి తాను చెప్పుకునేది గాని, దాచుకున్నది మాత్రం ఆ చల్లదనాన్నే.

మేడమీదివాళ్ళ మీద ఆవిడకున్న చులకనకి మాత్రం సాకులక్కర్లేదు. అది వాళ్ళు కష్టపడి సంపాదించుకున్నదే. డైరెక్టరుగారికి ఆవిడ పెట్టిన పేరు సదస్సులాయన. ఆయన ఆ కుర్చీలో కూర్చుని పదకొండేళ్ళయింది. ఏ సదస్సుకైనా వెళ్ళారు గాని, మెట్లు దిగి ఆ గదిలోకి ఒక్కసారి రాలేదు. భాష నేర్పడం గురించి ఆయన తొమ్మిది పుస్తకాలు రాశారు. ఆయన నేర్పగా ఏదైనా భాష నేర్చుకున్న మనిషి మాత్రం ఇంతవరకు కనపడలేదు.

ఆయన గొప్పతనం తెలియాలంటే కొత్త వాచకం కథ ఒక్కటి చాలు. భాషలో ఓనమాలు కూడా రాని పిల్లల కోసం సంస్థ నాలుగేళ్ళు శ్రమపడి ఒక వాచకం తయారుచేసింది. దాన్ని పరీక్షించి చూడాలి. చూడబోతే బడులకి సెలవులు, పిల్లలు లేరు. సెలవులయ్యేదాకా ఆగితే సదస్సు తేదీ దాటిపోతుంది. అందుకని సదస్సులాయన ఊళ్ళోని ఆ భాష టీచర్లనే పిలిపించి, భోజనం పెట్టించి, ఆ వాచకాన్ని వాళ్ళ మీద పరీక్షించారు. పదేళ్ళూ ఇరవయ్యేళ్ళూ ఆ భాష చెబుతున్నవాళ్ళు మొదటి పాఠం ప్రశ్నలకి జవాబులు రాశారు. నూటికి తొంభై ఎనిమిది వచ్చింది. ఆ రెండూ ఎందుకు తగ్గాయన్న దానిమీద ఒకాయన వ్యాసం కూడా రాశారు. ఆ ఫలితాన్ని అద్దం కట్టించి మెట్ల దగ్గర తగిలించారు. చీటీలమ్మ రోజూ దాని పక్కనుంచే వెళుతూ, రోజూ ఒకసారి చూసి, కడుపునిండా నవ్వుకునేది.

ఆ వాచకంలో ఏడో పాఠానికి వేసిన బొమ్మ కూడా దుకాణమే. అదే చొక్కాలు, అదే బల్ల, అదే పక్క. పాత కార్డుని చూసి దించుకున్నారు. అచ్చుకి వెళ్ళకముందు బొమ్మలు సరిచూసుకోవడానికి ఆ కాగితాలు ఆవిడ గదికే వచ్చాయి. ఆవిడ చూసింది. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. "చెప్తే వినే మొహాలా ఇవి," అనుకుని, కాగితాలు మడిచి పైకి పంపేసింది.

ఒక సోమవారం పొద్దున గుమాస్తా ఒక కాగితం పట్టుకుని కిందికి వచ్చాడు. సంస్థలోకి వచ్చే సామాను, పోయే సామాను ఆయన చేతిమీదే నడుస్తుంది. గేటు దగ్గర కాపలావాడు కూడా ఆయన మాటే వింటాడు.

"శుక్రవారం సాయంత్రానికి గది ఖాళీ చెయ్యాలక్కా. ఇక్కడ స్మార్టు క్లాసు పెడతారట. స్టాకు రిజిస్టర్‌లో ఉన్నవన్నీ పాత గోదాముకి పోతాయి. లేనివి చిత్తు కాగితాల బండికి."

"మరి చీటీలు?"

"రిజిస్టర్‌లో ఉన్నాయా?"

ఇద్దరూ కూర్చుని రిజిస్టరు మొదటి పేజీ నుంచి తిరగేశారు. పగిలిన మైనపు అరటిపండు, ఒకటి, ఉంది. ముల్లు లేని గడియారం, రెండు, ఉన్నాయి. టెలిఫోనుకి వేలాడే తీగ కూడా విడిగా రాసి ఉంది. చీటీలు లేవు. ఇరవై ఆరేళ్ళలో గుండుసూది కూడా వదలకుండా రాసిన మనిషి, చీటీల సంగతి మాత్రం ఒక్క అక్షరం రాయలేదు. మిగతాదంతా సంస్థది, అవి మాత్రం తనవని అనుకుంది. తనవనుకున్న దాన్ని ఎవరైనా సర్కారు రిజిస్టర్‌లో ఎక్కిస్తారా?

"ఇప్పుడు రాస్తాను," అంది.

"రిజిస్టరు శనివారమే మూసేశారక్కా. కొత్తవి రాయకూడదు. నా చేతుల్లో లేదు," అన్నాడు గుమాస్తా. అతను చెడ్డవాడు కాదు. చెడ్డవాడైనా బాగుండేది, తిట్టడానికి వీలుండేది.

చీటీలమ్మ మేడ మెట్లెక్కింది. సదస్సులాయన గదిలో కూర్చోమని కుర్చీ చూపించారు. ఆవిడ నిలబడే చెప్పింది, ఏ పాఠం ఎక్కడ చెడుతుందో ఇరవై ఆరేళ్ళ టీచర్లు రాసిన కాగితాలున్నాయని, అవి పోతే మళ్ళీ రావని.

ఆయన శ్రద్ధగా విన్నారు. వినడంలో ఆయనకి మంచి పేరుంది. "చాలా సంతోషమమ్మా. కానీ మనం ముందుకి చూడాలి. టీచర్లు ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలంటే దానికొక పద్ధతి ఉంది. వచ్చే ఏడాది ఒక సర్వే పెడదాం. నువ్వు కూడా సాయం చేద్దువుగాని."

"ఒక్కసారి కిందికొచ్చి చూడండి. ఒక్క కట్ట చదవండి చాలు."

"ఈ వారం సదస్సుందమ్మా," అన్నారు ఆయన.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఆవిడ కిందికి దిగుతూ అద్దం కట్టిన తొంభై ఎనిమిది వైపు చూసింది. ఆ రోజు నవ్వు రాలేదు.

చీటీలమ్మ మొగుడు దర్జీ. ముందుగదిలోనే మిషను, వెనకగదిలో సంసారం. ఆయన దగ్గర ఊళ్ళోవాళ్ళ కొలతల పుస్తకం ఒకటి ఉంటుంది. అది ఎప్పుడూ మిషను పక్కన బల్ల మీద తెరిచే పడి ఉంటుంది. వచ్చినవాళ్ళు వాళ్ళ పేజీ వాళ్ళే తీసి, నడుము పెరిగిందా తగ్గిందా చూసుకుంటారు.

సాయంత్రం ఆవిడ జరిగిందంతా చెప్పి, సదస్సులాయనని, గుమాస్తాని, పై రెండు అంతస్తుల్నీ కలిపి దులిపేసింది. దర్జీ మిషను ఆపకుండానే విన్నాడు.

"ఇంటికి తెచ్చేసుకో. కావాలంటే మంచం తీసి బయట వేద్దాం," అన్నాడు.

"గేటు దాటనివ్వరు. టీచర్లకి అరువిచ్చిన సామానైతేనే బయటికి పంపుతారు. నేను టీచర్ని కాదు కదా."

"ఇన్నేళ్ళలో ఆ చీటీలు ఏ టీచరైనా చదివిందా?"

"చదివితే అర్థమయ్యేవాళ్ళెవరున్నారు?"

దర్జీ మిషను ఆపాడు. "ఏమే, కొలతలన్నీ రాసి పెట్టెలో పెట్టి తాళం వేసుకుంటే, చొక్కా ఎవడు కుడతాడు? మీ డైరెక్టరుకి కొలత తియ్యడం రాదు. నువ్వు తీసి దాచావు. గడ్డివాము దగ్గర కుక్క లాగ. అది తినదు, ఎద్దుని తిననివ్వదు."

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. కుక్కన్నందుకు ఆ పూట మాట్లాడలేదు. పొద్దున లేచాక కూడా మాట్లాడలేదు. బస్సులో కూర్చున్నాక మాత్రం ఆయన మాటల్లో ముందుది గుర్తొచ్చింది. ఏ టీచరైనా చదివిందా అన్నది. టీచర్లకి అరువిస్తే గేటు దాటుతాయి. దాటి, చదివేవాళ్ళ ఇళ్ళకే చేరతాయి. ఇంత సులువైన సంగతి ఇరవై ఆరేళ్ళుగా తనకి తట్టకపోవడం చూసి ఆవిడకే సిగ్గేసింది.

మంగళవారమంతా టీచర్లకి ఫోన్లు చేసింది. అప్పుడు తెలిసింది, తన గొంతు వింటే ఊళ్ళో ఎంత సంతోషిస్తారో. "కార్డు మూల నలిగిందని నన్ను వారం రోజులు తిప్పావు, గుర్తుందా?" అని ఒకావిడ ఫోను పెట్టేసింది. ఒకాయన, "ఇంకా ఏ చీటీ బాకీ ఉన్నానక్కా?" అని భయపడ్డాడు. మరొకాయన సెలవులో ఉన్నానన్నాడు, వెనక బడి బెల్లు గణగణమంటూనే ఉంది. ఎవరినీ ఎన్నడూ బతిమాలని మనిషి. ఎలా అడగాలో తెలియక, అలవాటుకొద్దీ గద్దించినట్టే అడిగింది. బుధవారం ఒక్కరూ రాలేదు. గుమాస్తా వచ్చి బీరువాల కొలతలు తీసుకుని వెళ్ళాడు.

గురువారం మధ్యాహ్నం ఏడుపు టీచరు వచ్చింది, ప్లాస్టిక్ టెలిఫోను తిరిగివ్వడానికి. ఆ పేరు కూడా చీటీలమ్మ పెట్టినదే. పద్నాలుగేళ్ళ కిందట ఆ పిల్ల మొదటిసారి ఇచ్చిన చీటీలో సిరా తడిసి అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. ఏడుస్తూ రాసిందని తెలుస్తూనే ఉంది. అప్పుడు ఆవిడ ఆ చీటీ తిప్పి ఇచ్చి, కనపడేలా మళ్ళీ రాయమంది.

టీచరు టెలిఫోను బల్ల మీద పెట్టి చీటీ కాగితం అడిగింది. చీటీలమ్మ కాగితం ఇవ్వలేదు. సంచిలోంచి తాళంచెవుల గుత్తి తీసి ఆమె చేతిలో పెట్టింది. "రెండో బీరువా. ఏడో పాఠం. చూడు," అంది. నలభై మంది పిల్లల ముందు సుద్దముక్క పట్టుకున్నట్టే, టెలిఫోను పట్టుకుని నిలబడింది.

టీచరు మొదట నిలబడి చదివింది, తరవాత నేల మీద కూర్చుంది. ఏడో పాఠం కట్టలో ఆమెవి పది చీటీలున్నాయి, తక్కినవాళ్ళవి అరవై పైచిలుకు. అట్టడుగున పందొమ్మిదేళ్ళ కిందటిది ఒకటి ఉంది. రాసినాయన రిటైరై వెళ్ళిపోయాడు కూడా. "కొనేవాడి చొక్కాకి ఎర్ర కాగితం అంటించాను. బల్లకి రెండో పక్కన నిలబెట్టాను. ఆ రోజే పాఠం ఎక్కింది," అని ఉంది.

"ఇది ఎప్పటినుంచి ఉందక్కా ఇక్కడ?"

"నువ్వు ఉద్యోగంలో చేరకముందు నుంచి."

టీచరు ఏడుస్తుందేమో అనుకుంది చీటీలమ్మ. ఏడవలేదు. "పద్నాలుగేళ్ళుగా ఈ పాఠం చెడినప్పుడల్లా తప్పు నాదేననుకున్నాను," అంది మామూలుగా. ఏడ్చినా బాగుండేదనిపించింది చీటీలమ్మకి. తరవాత జలుబు పెద్దమనిషి టేపు చీటీ కనబడితే టీచరు నవ్వింది. నవ్వుతూనే ఫోను తీసి ఎవరికో చదివి వినిపించింది. అవతలినుంచి కూడా నవ్వు వినపడింది. ఆ తరవాత ఇంకొకరికి, ఇంకొకరికి.

చీటీలమ్మ పిలిస్తే రానివాళ్ళు ఏడుపు టీచరు పిలిస్తే వచ్చారు. శుక్రవారం పొద్దుటినుంచి మెట్ల వెనక వరస కట్టారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క కట్ట. చీటీలమ్మ అరువు పుస్తకంలో రాస్తూ పోయింది, కట్ట సంఖ్య, పాఠం, తీసుకున్నవారి బడి. గేటు దగ్గర గుమాస్తా ప్రతి సంచీ తెరిచి చూశాడు. చీటీలమ్మ రాసిచ్చిన అరువు కాగితం ఉంది. కాగితం ఉంటే ఆయనకి లోకంలో ఏదీ తప్పు కాదు. మధ్యాహ్నానికి అరవై మూడు కట్టలూ గేటు దాటాయి.

సాయంత్రం సదస్సులాయన వైర్లు లాగేవాళ్ళని వెంటబెట్టుకుని, పదకొండేళ్ళలో మొదటిసారి మెట్లు దిగారు. ఖాళీ బీరువాలు చూసి, "ఎంత శుభ్రంగా ఉందమ్మా," అని మెచ్చుకున్నారు. చీటీలమ్మ అరువు పుస్తకం చంకలో పెట్టుకుంది. చెప్పినా ఎక్కదు. ఎందుకని రాయడానికి ఒక చీటీ చాలదు.

నెల తిరిగేసరికి స్మార్టు క్లాసు తయారైంది. గోడంత తెర మీద ఏడో పాఠం వెలిగించి ప్రారంభించారు. అమ్మేవాడూ కొనేవాడూ ఒకే రంగు చొక్కాల్లో, బల్లకి ఒకే పక్కన, ఈసారి మనిషెత్తున నిలబడ్డారు. అందరూ చప్పట్లు కొట్టారు. దానిమీద పైన కొత్త పరిశోధన కూడా మొదలైందట. తెర పెద్దదైతే భాష ఎంత పెద్దగా వస్తుందో తేల్చడానికి కాబోలు.

అరువు వెళ్ళినవి తిరిగొచ్చేదాకా చీటీలమ్మకి మెట్ల కింద ఒక బల్ల, ఒక కుర్చీ ఇచ్చారు. ఒకరు ఒక కట్ట తెచ్చిస్తే, ఇంకొకరు అదే కట్ట పట్టుకెళ్ళేవారు. బీరువాల అవసరం లేకుండా పోయింది. కట్టలు అంచుల దగ్గర నలిగి, ఎవరెవరివో కొత్త రాతలు మార్జిన్ల నిండా ఎక్కి వచ్చేవి. దర్జీ ఒక రోజు చూసి, "ఇప్పుడు వాడిన పుస్తకంలా ఉంది," అన్నాడు. ఆవిడ ఆ రోజు ఆయనతో మాట్లాడింది.

ఒక మధ్యాహ్నం ఏడుపు టీచరు ఏడో పాఠం కట్ట తిరిగిచ్చింది. రూలు రూలే కాబట్టి చీటీ కూడా రాసిచ్చింది. చీటీలమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివింది.

"ఏది ఎక్కలేదు? ఇవన్నీ మీ దగ్గర ఉన్నాయన్న సంగతి. ఎందుకు? ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారైనా మీరు చెప్పలేదు."

ఆవిడ రెండోసారి చదివింది. ఎక్కడైనా అక్షరం అలుక్కుపోయిందేమోనని, మూల నలిగిందేమోనని, తిప్పి ఇచ్చి మళ్ళీ రాయమనడానికి ఏదైనా దొరుకుతుందేమోనని వెతికింది. ఏమీ దొరకలేదు. చీటీ సరిగ్గానే రాసి ఉంది.

టీచరు ఇంకా నిలబడే ఉంది. "తరవాతి కట్ట ఇస్తారా అక్కా?" అని అడిగింది.

చీటీ రాసినవాళ్ళకి తరవాతి సామాను ఇవ్వాలి. చీటీలమ్మ లేచి ఎనిమిదో పాఠం కట్ట తెచ్చి ఇచ్చింది.